గంగులు బావ ఫోన్ నంబరు

మా అమ్మాయి ఝాన్సీకి స్కాలర్‌షిప్ పోయింది. ఊళ్లో కొందరు దానికి మా బావ గంగుల్ని అంటారు. మా ఆవిడ తవిటమ్మ ప్రభుత్వాన్ని తిడుతుంది. కానీ ఆ రోజు నోరు తెరిచి అంకెలు చదివింది ఎవరో నాకు తెలుసు.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషులో నా పేరు తప్ప ఏదీ పోల్చుకోలేను. చీపురుపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎకరన్నర వరి, మెట్టలో కొంత గోగు, అంతే మా వ్యవసాయం. పిల్ల మాత్రం చదివింది. విజయనగరం దగ్గర ఇంజనీరింగు, అందులోనూ కంప్యూటర్ల భద్రత. ఒకడి కంప్యూటర్లోకి ఇంకొకడు దొంగతనంగా దూరకుండా ఎలా చూడాలో నేర్పుతారట. ఆ సంగతి చెప్పినప్పుడు పక్కింటి జోగయ్య పడీపడీ నవ్వాడు.

"అయితే నీ కూతురిదీ కాపలా పనేరా జగన్నాధం! పందులు రాకుండా నువ్వు సేలో కూకుంతావు, అది ఏసీలో కూకుంతాది. దానికి నాలుగేళ్ల సదువేటిరా?"

ఆఖరి సంవత్సరంలో ఉండగా ఆ చదువు చదివేవాళ్ల కోసమే ప్రభుత్వం ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. పై చదువు రెండేళ్ల ఫీజూ వాళ్లే కడతారు, నెలనెలా ఖర్చులకిస్తారు. తర్వాత మూడేళ్లు సర్కారు కంప్యూటర్లను కాపాడే ఉద్యోగం చేయాలి. పరీక్ష పెట్టి కొద్దిమందినే తీసుకుంటారు. ఇది రాకపోతే పిల్లకి పై చదువు లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు.

దరఖాస్తుకి ఆఖరి రోజు సోమవారం. ఝాన్సీ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"నాన్నా, పరీక్షలవుతన్నాయి. ఆదివారం వస్తాను, నానే నింపుకుంటాను. నువ్వు ఎవులికీ ఏటీ సెప్పకు."

"అలాగేనమ్మా" అన్నాను.

నానబెట్టిన గోగు కట్టలు బయటికి తీసి నార ఒలుస్తున్న రోజులు. శుక్రవారం రేషన్ కార్డు పని ఉండి, ఆ కుళ్లు వాసన చేతులతోనే గంగులు బావ నెట్ సెంటరుకి వెళ్లాను. బావ అంటే తవిటమ్మ అన్న. చీపురుపల్లిలో రైలు గేటు దాటాక చిన్న గది. మా చుట్టుపక్కల నాలుగూళ్ల పింఛన్లు, కార్డులు, పంటల బీమాలు అన్నీ అతని చేతిమీదే నడుస్తాయి. మాలో సగం మందికి ఫోన్లో రీచార్జి ఉండదు. ఉన్నా వచ్చిన మెసేజ్ చదవలేం. అందుకని ఎవరి దరఖాస్తు అయినా ఫోన్ నంబరు గడిలో బావ తన నంబరే వేస్తాడు. పాస్‌వర్డ్ కూడా అందరికీ ఒకటే. మా అమ్మవారు పైడితల్లమ్మ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. మరిచిపోకుండా గోడ మీద క్యాలెండరు కింద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకున్నాడు. మాకు అందులో తప్పేమీ కనబడలేదు. ఇంటి తాళంచెవి బావ దగ్గర పెట్టి ఊరెళ్లడం లేదా? ఇదీ అంతే.

"మన ఝాన్సీది ఆ సెక్యూరిటీ స్కాలర్‌షిప్ ఏసేసేరా బావా?" అన్నాడు గంగులు, నన్ను చూస్తూనే.

"ఆదివారం వచ్చి అదే ఏసుకుంతాదట."

"ఆదివారమా! ఆకరి రోజుల్లో సర్వరు తిరిగీ తిరిగీ పడిపోద్ది. పోయినేడు గుర్ల ఊరి గుంటడొకడు ఇలాగే ఆగి ఆగి, ఆకరికి నా కాడికొచ్చి గోలెట్టేడు. కాయితాలు ఇంట్లోనే ఉన్నాయి కదా? పట్రా. పది నిమిషాల పని."

పిల్ల చదువులో నేను చేసింది ఏమీ లేదు. కాలేజీకి రమ్మంటే వెనక బెంచీలో కూర్చుని, అందరూ లేస్తే లేచి, అందరూ చప్పట్లు కొడితే కొట్టి వచ్చేవాణ్ని. ఈ ఒక్కటి నా చేత్తో చేస్తే ఏం పోయింది అనిపించింది. ఇంటికెళ్లి ట్రంకుపెట్టె లోంచి సర్టిఫికెట్లన్నీ తెచ్చిచ్చాను.

పిల్ల ఆధార్‌కి చిన్నప్పుడు ఇచ్చింది నా ఫోన్ నంబరే. ఓటీపీ నా ఫోనుకి వచ్చింది.

"సెప్పు బావా" అన్నాడు గంగులు. ఒక్కొక్క అంకే పైకి చదివాను. ఆరు అంకెలు. అటుపైన మెసేజ్‌లన్నీ రావడానికి తన నంబరు పెట్టాడు, పైడితల్లమ్మ పాస్‌వర్డ్ పెట్టాడు, చివర ఏవో నాలుగు గడుల్లో టకటకా టిక్కులు కొట్టాడు.

"అవేటి బావా?"

"అన్నింటికీ ఉంటాయి. ఎవుడూ సదవడు."

ఆ సాయంత్రం ఝాన్సీకి గొప్పగా ఫోన్ చేశాను.

"పాస్‌వర్డ్ ఏటి పెట్టేడు?" అంది.

"మనందరిదీ ఒకటే కదమ్మా."

పాస్‌వర్డ్ మార్చుకోగలిగింది. నంబరు మాత్రం మార్చనివ్వలేదట. అయినా పరీక్ష రాసింది, నెగ్గింది. మా జిల్లా నుంచి ఇద్దరే నెగ్గారు. జోగయ్య కూడా ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడు. పందుల మాట ఎత్తలేదు.

జనవరిలో సర్టిఫికెట్లు చూస్తాం రమ్మని విశాఖపట్నం పిలిచారు. ఇద్దరం వెళ్లాం. ఆ ఆఫీసులో ఒక మేడమ్, నా వయసే ఉంటుంది, కాగితాలన్నీ చూసి తలాడించింది. తర్వాత కంప్యూటర్ కేసి చాలాసేపు చూసింది.

"ఈ ఫోన్ నంబరు ఎవరిదమ్మా?"

"మా మావయ్యదండి. నెట్ సెంటరు ఉంది."

"ఈ ఒక్క నంబరు మీద మూడొందల పైచిలుకు ఖాతాలున్నాయి. పింఛన్లు, కార్డులు, అన్నీ." ఆవిడ తెరను మా వైపు తిప్పింది. "ఇక్కడ టిక్కు చూడు. నేను గానీ, మా ఇంట్లోవాళ్లు గానీ ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు అని ఉంది. ఇది పెట్టింది నువ్వేనా?"

ఝాన్సీ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో ఆ మెడ చూస్తే తెలిసిపోయింది.

మేడమ్ మంచిదే. "మీ ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆ నెట్ సెంటరు అతనే చేసి ఉంటే వేరే సంగతి. అలాగని అతను రాసి సంతకం పెట్టివ్వాలి. లేదంటే ఏం జరిగిందో మీరే రాయండి, మీ కాలేజీ వాళ్ల మాట కూడా జతచేయండి. కమిటీకి పెడతాను. శుక్రవారం లోపల."

తిరుగు రైల్లో కొత్తవలస దాటాక పిల్ల అంది.

"నాన్నా, ఇంక నువ్వు దీని జోలికెల్లకు. మా సార్‌తో మాటాడతాను. ఉన్నదున్నట్టు రాసి గురువారం నానే పట్టుకెల్తాను. ఒప్పుకుంతే ఒప్పుకుంతారు."

"అలాగేనమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గంగులు దగ్గరికి వెళ్లాను. షాపు ముందు పింఛను ముసలాళ్లు వరసగా కూర్చున్నారు. వాళ్లందరి ముందూ అడిగేశాను.

"ఈ తప్పు నాదే, ఆళ్లింట్లో ఎవులికీ తెల్దు అని రాసియ్యి బావా."

"అలాగ రాస్తే నా సెంటరుంతాదా? ఈ ముసిలోలు ఏటైపోతారు?"

"నీ మేనకోడలు ఏటైపోద్దో అది ఆలోసించు."

వరసలోంచి ఒక అవ్వ అంది: "రాసియ్యరా గంగులూ, ఆడగుంట బతుకు."

గంగులు తల గోక్కున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని అరగంట టైపు కొట్టాడు.

"తెలుగులో కొట్టు బావా, నానూ సదువుకుంతాను."

"తెలుగులో ఇస్తే పక్కనడేస్తారు. ఇదిగో సూడు, 'నా నంబరు పెట్టడం నా తప్పే, ఆయమ్మికి ఏటీ తెల్దు, టిక్కులు కొట్టింది నానే' అని రాసేను. సంతకం సెయ్యమంటావా వద్దా?"

సెయ్యమన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ బావే అనుకున్నాను. ఆ కాగితం చొక్కా లోపల పెట్టుకుని, పిల్లకి చెప్పకుండా, ఆ మధ్యాహ్నమే విశాఖపట్నం వెళ్లి ఆఫీసులో ఇచ్చి, వాళ్లు గుద్దిన ముద్ర చూసుకుని వచ్చాను. ఝాన్సీ గురువారం తన కాగితాలు పట్టుకెళ్లేసరికి, బుధవారమే మీ నాన్న ఇచ్చిన ఉత్తరం కమిటీకి వెళ్లిపోయింది, స్కాలర్‌షిప్ లేదని ఫైలు మూసేశారు అన్నారట. ఒక నకలు చేతిలో పెట్టారట.

శనివారం ఇంటికొచ్చి ఆ నకలు నా ముందు పరిచింది. ఇంగ్లీషు మీద వేలు పెట్టి, తెలుగులో చదివింది. నంబరు పెట్టడం నా తప్పే. అమ్మాయికి తెలియదు. టిక్కులు కొట్టింది నేనే. గంగులు నాకు చెప్పింది అంతవరకే. కింద ఇంకో రెండు వరసలున్నాయి. 'అమ్మాయి తండ్రి తనంతట తానే సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చి, ఓటీపీ స్వయంగా చదివి చెప్పి, దరఖాస్తు చేయమన్నాడు. అతను అడిగితేనే చేశాను.'

"సంపేస్తానాడిని" అని లేచాను. తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఝాన్సీ మాత్రం కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఇందులో అబద్ధం ఏటున్నాది నాన్నా?"

వెతికాను. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

అయినా వెళ్లాను. గంగులు పారిపోలేదు. "మరేటి రాయమంటావు బావా? దొంగతనం సేసేనని రాసి జైలుకెల్తే మా సెల్లి ఏడవదేటి? నీకు సదవడం రాకపోతే పిల్లకి సూపించాల కదా!" అన్నాడు. వచ్చిన దారినే ఇంటికొచ్చేశాను.

ఝాన్సీ ఇప్పుడు విశాఖపట్నంలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఫోన్లో కస్టమర్ల తిట్లు వినే పని. ఆధార్‌లో నంబరు మార్చుకుంది. ఏ పరీక్ష రాస్తోందో, ఎక్కడికి దరఖాస్తు పెడుతోందో చెప్పదు. పండక్కి వచ్చినప్పుడు ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఆ చదువు దానికి బాగానే వంటబట్టింది.

మొన్న వర్షాలకి వరి పడిపోయింది. బీమాకి దరఖాస్తు పెట్టాలన్నారు. ఊరి సచివాలయానికి వెళితే సర్వరు లేదు, బయట చేయించుకో అన్నారు. చీపురుపల్లిలో వేరే సెంటరు వాడు రెండు రోజులు తిప్పాడు. గడువు మర్నాటితో సరి. రైలు గేటు దాటి, ఏడాది తర్వాత ఆ గుమ్మం ఎక్కాను. గంగులు తలెత్తి చూసి, కుర్చీ నా వైపు తోశాడు. ఆధార్ ఇచ్చాను. గోడ మీద క్యాలెండరు మారింది. కింద స్కెచ్ పెన్ను రాత మారలేదు.

నా ఫోన్ మోగింది.

"సెప్పు బావా" అన్నాడు గంగులు, తెర మీంచి చూపు తిప్పకుండా.

చెప్పాను. ఆరు అంకెలూ.