గురువారం రొట్టెల మూటలు

అక్షరాలు వంకరగా ఉన్నా, మధ్యలో తప్పులు దొర్లినా మన్నించండి. బడికి వెళ్ళాల్సిన వయసులో నేను పత్తి చేలో ఉన్నాను. మా ఆయన పోయాక మనవరాలు జుల్‌హుమార్ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, కాబట్టి అనవసరమైనవి రాయను. ఎక్కడైనా రాస్తే అవి మా చైర్మన్ గురించే అయి ఉంటాయి, ఆ మాత్రం ఓపిక పట్టండి.

మా వీధిలో కెమెరా పెట్టింది దొంగల కోసం. పక్కింటి రిసాలత్ గుమ్మం ముందున్న నీళ్ళ మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయింది ఆమె అల్లుడేనని వీధి మొత్తానికి తెలుసు. రిసాలత్‌కీ తెలుసు. అయినా పై ఆఫీసు వాళ్ళు వచ్చి, వీధి మొదట్లో స్తంభం పాతి, దాని నెత్తిన కెమెరా బిగించి, ఇక మీరు నిశ్చింతగా ఉండండని చెప్పి, మా మల్బరీ పళ్ళు కడుపునిండా తిని వెళ్ళారు. అల్లుడు దొరకలేదు. వాళ్ళు కెమెరా బిగిస్తున్నప్పుడు నిచ్చెన పట్టుకుని నిలబడింది అతనే.

కెమెరా చూసేదంతా మహల్లా ఆఫీసులో, అంటే మా పేట ఆఫీసులో, ఒక తెర మీద కనిపిస్తుంది. చైర్మన్ తుర్సున్‌బాయ్ అప్పటిదాకా ఆ గదిలో కునుకు తీసేవాడు. తెర వచ్చాక ఆయన కునుకు పోయింది. గదిలో ఏసీ ఉందని మొదట ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. తర్వాత వాళ్ళ భార్యలు పొద్దుతిరుగుడు గింజల పొట్లాలతో వచ్చారు. ఎండలు ముదిరేసరికి వీధిలోని అత్తగార్లందరూ అక్కడే ఉన్నారు. తెల్లారి గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఊడవడం మా దగ్గర కోడళ్ళ పని. ఎవరి కోడలు ఆలస్యంగా లేచింది, ఎవరి కోడలు చీపురు పట్టుకుని నిలబడే నిద్రపోతోంది, అంతా తెర మీద తెలిసిపోయేది. చైర్మన్ భార్య ముకర్రమ్ ముందు వరుసలో కూర్చుని, చూపు ఆననివాళ్ళ కోసం అన్నీ బిగ్గరగా చెప్పేది. దొంగల కోసం పెట్టిన కంటికి చిక్కింది కోడళ్ళు.

కోడళ్ళతో ఆగిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఆడపిల్ల ఉన్న ఇంటికి సంబంధం అడగడానికి మా దగ్గర ఆడవాళ్ళే వస్తారు. ఇద్దరో ముగ్గురో, పొద్దుటి టీ వేళ దాటాక, గుడ్డలో చుట్టిన రొట్టెలు తెస్తారు. సరేననుకుంటే ఆ రొట్టె విరుస్తాం. వద్దనుకుంటే మూట విప్పకుండా, పైన గుప్పెడు మిఠాయిలు పెట్టి తిరిగి ఇచ్చేస్తాం. పిల్ల ఇంకా చిన్నదనో, చదువు పూర్తి కాలేదనో ఒక అబద్ధం చెప్తాం. అది అబద్ధమని వాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలుసని మాకూ తెలుసు. మూట వచ్చిన సంగతి, వెళ్ళిన సంగతి మూడో ఇంటికి తెలియదు కాబట్టి ఎవరి పరువూ పోదు. మర్నాడు బజారులో ఎదురుపడితే ఎండల గురించి మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళం పోతాం.

ఆ వేసవిలో పొరుగూరు కువా నుంచి ఒక కుటుంబం జుల్‌హుమార్ కోసం వచ్చింది. దానికి ఇరవై రెండేళ్ళు, మందుల షాపులో పని. పిల్లవాడిని టీ కొట్లో కలిసి మాట్లాడి వచ్చింది. "కారు ఫోటోలు చూపించాడు నానమ్మా, ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. నా పేరు మాత్రం రెండుసార్లు తప్పు పలికాడు" అంది. మూట తిరిగి ఇచ్చేశాం. ఆ ఆడవాళ్ళు మర్యాదగా దాన్ని శాలువా కింద దాచుకునే వెళ్ళారు. కానీ తెర ముందు కూర్చున్నవాళ్ళకి వేరే పనేముంది. శాలువా ఎంత ఉబ్బుగా లోపలికి వెళ్ళిందో అంతే ఉబ్బుగా బయటికి వచ్చిందని తేల్చేశారు.

మర్నాడు బజారులో ఆకుకూరల సబోహత్ నన్ను చూడగానే గొంతు తగ్గించింది.

"ఏంటక్కా, మూట వెనక్కి పోయిందంట."

"ఎవరి మూట?"

"మీ ఇంటి మూటే. తెర మీద చూశారంటగా. వాళ్ళే వద్దన్నారా, మీరే వద్దన్నారా?"

"కొత్తిమీర ఇస్తావా, పక్క కొట్టుకి పోనా?"

"ఇస్తాలే. పిల్లకేమైనా లోపమా అని నలుగురూ అడుగుతున్నారు, అందుకని అడిగా."

నేను ఇంటికి చేరేసరికి నా మనవరాలికి ఒక చెవి వినిపించడం మానేసింది. సాయంత్రానికి మూర్ఛ కూడా వచ్చింది. ఆ పిల్ల ఆ పూట షాపులో నిలబడి ఊరందరికీ దగ్గు మందు అమ్ముతోంది.

కొన్నాళ్ళకి ఇంకో కబురు వచ్చింది. దవ్రాన్ అనే కుర్రాడి తల్లి, వచ్చే గురువారం మీ ఇంటికి వస్తామంది. మందుల షాపుకి పెట్టెలు తెచ్చి దించేది అతనే, జుల్‌హుమార్‌కి ముఖపరిచయం ఉంది.

"నచ్చాడా?" అని అడిగాను.

"తెలీదు నానమ్మా. మంచివాడిలానే ఉన్నాడు. పెట్టెలు దించుతూ మాట్లాడిన మాటలతో ఏం తెలుస్తుంది?"

"కూర్చుని మాట్లాడు మరి. నచ్చకపోతే మూట ఇచ్చేద్దాం."

"ఎట్లా ఇస్తావు? ఒకసారి వెనక్కి పోయినందుకే చెవుడు అంటగట్టారు. రెండోసారి పోతే ఇంక మన గుమ్మం ఎవరూ తొక్కరు. అంటే అతను ఎట్లాంటివాడైనా నేను ఊఁ అనాలి. ముకర్రమ్ అత్త గింజలు నములుతూ చూస్తుంటే నేను వద్దని ఎట్లా అంటాను?"

ఆ మాట అని లేచి వెళ్ళి టీ పియాలాలు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నాకు పెళ్ళి చేసినప్పుడు నన్నెవరూ అడగలేదు. దీన్ని అడుగుతున్నాం అని ఇన్నాళ్ళూ గర్వంగా ఉండేది. వద్దనే దారి మూసేసి ఏమంటావు అని అడగడం కంటే అడగకపోవడమే నయం.

మర్నాడు మహల్లా ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే ముందు వరుసలో చోటిచ్చారు. తెర మీద మా గుమ్మమే కనిపిస్తోంది. ఎండలో నేను ఆరబెట్టిన లోపలి బట్టలు కూడా.

"తుర్సున్‌బాయ్, ఆ కెమెరా మొహం కొంచెం పెద్ద రోడ్డు వైపు తిప్పించు నాయనా" అన్నాను.

"అది నా చేతిలో లేదక్కా. పైవాళ్ళది. అయినా దాచుకోవాల్సింది ఏమీ లేనివాళ్ళకి భయమెందుకు?"

"నీ టోపీ తియ్యి."

"ఏంటి?"

"టోపీ తియ్యమంటున్నా. కింద దాచుకోవాల్సింది ఏమైనా ఉందా?"

చైర్మన్ బట్టతల మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆయన చెయ్యి టోపీ మీదికి వెళ్ళి గట్టిగా అదుముకుంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది వేరు, ఇది వేరు" అన్నాడు.

"వేరేం కాదు. ఎవరి ముందు తియ్యాలో నువ్వు చూసుకుంటావు. మేమూ అంతే."

"అక్కా, మీరు పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నా. ప్రభుత్వ కెమెరా గురించి ఇట్లా మాట్లాడకూడదు. దీంట్లో మాట కూడా వినిపిస్తుందేమో నాకే తెలీదు."

ఆయన మొహంలో నిజంగానే భయం కనిపించింది. పాపం, అందరికంటే ఎక్కువసేపు ఆ గదిలో ఉండేది ఆయనే.

తిరిగి వస్తూ రిసాలత్ ఇంటికి వెళ్ళాను. ఆమె తందూరు దగ్గర చేతులకి పిండితో ఉంది. జరిగింది చెప్పాను.

"రాయి పెట్టి కొడదాం" అంది.

"నీ చూపుకి రాయి మసీదుకి తగులుతుంది."

"పోనీ వాళ్ళనే సందు వైపు నుంచి, గోడ దూకి రమ్మందాం."

"దవ్రాన్ వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు."

రిసాలత్ తందూరులోంచి ఒక రొట్టె లాగి పళ్ళెంలో వేసింది. ఇంకోటి లాగింది. వాటిని చూస్తూ ఉండిపోయింది.

"మూట పట్టుకుని వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గర నుంచే పంపించడం ఉందా మనలో?"

"లేదు. శత్రువైనా లోపలికి పిలవాలి. రొట్టెని వీధిలో నిలబెట్టకూడదు."

"మరి గురువారం నాడు ఈ వీధిలో మూటలు మోసేది వాళ్ళిద్దరే ఎందుకు కావాలి?"

నేను ఆమెని ముద్దు పెట్టుకున్నాను. ముక్కు నిండా పిండి అయింది.

గురువారానికి మిగిలిన రెండు రోజులూ మేం తెర ముందు కూర్చోని ఆడవాళ్ళని, అంటే కోడళ్ళని, ఒక్కొక్కరినీ కలిశాం. ఎవరినీ బతిమాలనక్కర్లేకపోయింది. తెల్లారి ఆవులిస్తే అత్తగారికి తెలిసిపోతోందన్న కసి ఒక్కొక్కరికీ గొంతు దాకా ఉంది. ఒక కోడలైతే, "ఎన్ని రొట్టెలు కావాలి అత్తా?" అని మాత్రమే అడిగింది.

గురువారం టీ వేళ దాటగానే మొదటి మూట రిసాలత్ ఇంట్లోంచి బయలుదేరి మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లోంచి ఇంకో మూట ఎదురింటికి వెళ్ళింది. ఎదురింట్లో ఉన్న ఆడపిల్ల వయసు నాలుగేళ్ళు. అక్కడి నుంచి ఇద్దరు కోడళ్ళు శాలువాలు కప్పుకుని, ఎంతో గుట్టుగా అటూ ఇటూ చూసి, కంబర్ తాత ఇంట్లో దూరారు. కంబర్ తాతకి తొంభై దాటాయి, ఆ ఇంట్లో ఆయన, ఒక మేక తప్ప ఎవరూ లేరు. తాత కోటు తొడుక్కుని టీ పోసి, చాలాసేపు ఆలోచించి, "నన్నేనా?" అని అడిగాడట. "మీకిష్టమైతేనే తాతా" అంటే, "నాకేం అభ్యంతరం లేదమ్మా, పిల్ల ఎవరు?" అన్నాడట.

మహల్లా ఆఫీసులో ఆ పూట ఏం జరిగిందో తర్వాత విన్నాం. మొదట అందరూ సంబరపడ్డారు. తర్వాత లెక్క తప్పింది. శాలువా ఉబ్బు మీద పందేలు కాసినవాళ్ళకి ఎవరు ఎవరింటికి వెళ్ళారో, ఏ మూట ఎక్కడ ఆగిందో తెలియలేదు. "ఇది నా కోడలు కదా, దానికి పెళ్ళయింది కదా" అని ఒకావిడ లేచి నిలబడింది. అప్పుడే నలుగురు ఆడవాళ్ళు పెద్ద మూటతో చైర్మన్ ఇంటి గుమ్మం ముందు ఆగారు.

ముకర్రమ్ ఆ రోజు నడుం నొప్పని ఇంట్లోనే ఉంది. తలుపు తీసింది. మూట చూసి తెల్లబోయింది. అయినా పద్ధతి పద్ధతే, లోపలికి రమ్మంది. తలుపు మూసుకుంది.

ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరు. ఉన్న ఆడమనిషి ముకర్రమ్ ఒక్కతే.

తెర ముందు గదిలో గింజలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయిందట. అందరూ తిరిగి చైర్మన్ వైపు చూశారట. అప్పుడే ఫోన్ మోగింది. పై ఆఫీసు నుంచి.

"మీ వీధిలో ఏం జరుగుతోంది? అనుమతి లేకుండా సభ ఏమైనా పెట్టారా?"

"లేదు సార్. సంబంధాలు చూస్తున్నారు."

"ఎవరికి?"

"అందరికీ సార్."

"మూటల్లో ఏముంది?"

"రొట్టెలు సార్."

"ఖాయంగా చెప్పగలవా?"

చైర్మన్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తెర మీద తన ఇంటి తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు టీ తాగలేదు.

"మీరిట్లా చేస్తారనుకోలేదక్కా. బజారులో నా భార్య గురించి మాట్లాడుతున్నారు. ఎవరో అడగడానికి వచ్చారంట, నేను బతికుండగానే."

"వచ్చినవాళ్ళతో ఏమందంట?"

"అదే తెలీదు. నాకూ చెప్పట్లేదు. ఊరందరి గుమ్మాలూ తెర మీద చూపించినవాడివి, ఇప్పుడు నీకెందుకు చెప్పాలంటోంది... అంటే నేను తెర చూడనిచ్చానని నా మీదే కోపం. నిన్నటిదాకా ముందు వరుసలో కూర్చుంది ఎవరు?"

"నీకు దాచుకోవాల్సింది ఏమీ లేదు కదా తుర్సున్‌బాయ్, భయమెందుకు?"

ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. నడుం నొప్పితో ఉన్న భార్య గురించి పరాయి వీధిలో పరాయివాళ్ళు ఏమనుకుంటున్నారో తలుచుకుంటున్న మొగుడి చూపది. నాకు జాలి వేసింది. టీ మార్చి వేడిది పోశాను.

"కెమెరా తిప్పడం నా వల్ల కాదు. గదికి తాళం వేస్తా. జనాన్ని రానివ్వను" అన్నాడు.

అన్నమాట ప్రకారం తాళం వేశాడు. కెమెరా మాత్రం స్తంభం మీద అట్లాగే ఉంది. పైన ఎవరో ఇంకా చూస్తూనే ఉన్నారు. వాళ్ళకి మా పేర్లు తెలియవులే అని కొందరు సర్దుకున్నారు. నేను సర్దుకోలేదు, పేర్లు తెలుసుకోవడం ఎంతసేపు. అందుకే మా వీధి ఆడవాళ్ళం ఇప్పటికీ గురువారాలు ఒకరింటికి ఒకరం రొట్టెల మూటలు మోస్తున్నాం. కంబర్ తాత వారం వారం గడ్డం గీయించుకుని కూర్చుంటున్నాడు.

ఆ మొదటి గురువారం, ఆ మూటల మధ్యలో, దవ్రాన్ తల్లి, ఆమె చెల్లెలు మా ఇంటికి వచ్చారు. కూర్చున్నారు. జుల్‌హుమార్ టీ పోసింది. రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడితో టీ కొట్లో కావలసినంతసేపు మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత నా చెవిలో ఒక మాట చెప్పింది. అది అవునో కాదో రిసాలత్ అడిగింది, సబోహత్ కొత్తిమీర ఊరికే ఇచ్చి మరీ అడిగింది, చైర్మన్ కూడా అడిగాడు. నేను చెప్పలేదు. ఇంత దూరం ఓపిగ్గా చదివారు కాబట్టి మీకైనా చెప్పాలని ఉంది. కానీ అది ఆ పిల్ల మాట, నాది కాదు.

హురినిసా, డెబ్బై నాలుగేళ్ళు, మర్గిలాన్‌లో అదే వీధి.