గాజు మీద చుక్కలు

పెరట్లోని మందారచెట్టు మా కిటికీ గాజులో అచ్చంగా కనబడుతుంది. అది నిజం చెట్టనుకుని ఎగిరొచ్చి, ఈ వారం రెండు పిగిలిపిట్టలు గుద్దుకుని చచ్చిపోయాయి. చెట్టులో గూడు పెట్టిన జంట ఇంకా మిగిలింది.

మొదట గాజుకు లోపలివైపు ముగ్గుచుక్కలు పెట్టాను. బయటికెళ్లి చూస్తే ఒక్కటీ కనబడలేదు. ఎంతసేపూ చెట్టు నీడే.

మరునాడు ముగ్గుపిండిలో జిగురు కలిపి, స్టూలెక్కి, బయటివైపు రెండంగుళాలకొక చుక్క పెడుతుంటే ఇంటి యజమాని చెన్నరాయప్ప వచ్చాడు.

"ఏమ్మా, ముగ్గు నేలమీద గదా ఏసేది?"

"ఇది పిట్టల కోసమప్పా. చుక్కలుంటే అటు దారి లేదని వాటికి తెలుస్తుంది."

"ముచ్చటపడి ఏయించిన గాజు! తుడిచేయ్, లేదంటే వేరే ఇల్లు చూసుకో."

"చూసుకుంటా. ముందు ఇక్కడ నిలబడి, చుక్కల్లేని గాజులో ఏం కనబడుతోందో చెప్పండి."

"దాసాని చెట్టుండాది."

"పిట్టకూ ఆ మందారమే కనబడుతుంది."

అంతలో నోట్లో పురుగుతో ఒక పిగిలిపిట్ట గాజుకేసి దూసుకొచ్చింది. చుక్కల ముందు చటుక్కున పక్కకు తిరిగి గూటికి వెళ్లింది.

ఆయన దగ్గరికొచ్చి, తలెత్తి చుక్కల వరసలు చూశాడు.

"పై వరస వంకర పోయిండాది. మా యమ్మ చూసుంటే చెరిపించేది."

వంకరే. తడిగుడ్డతో ఆ వరస తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన స్టూలు పట్టుకున్నాడు.