శుక్రవారం తోవూయా విమానం

కొత్త టైమ్‌టేబుల్ రాజధాని సువా నుంచి వచ్చిన రోజు నాకు మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి. పట్టెయ్యని రోజేది గనక. అయినా ఆ కాగితం గోడకి అంటించాల్సింది నేనే. మా రావులేవు దీవి ఎయిర్‌పోర్టులో టికెట్లు చూసేది నేనే, మనుషుల్నీ సామాన్లనీ కాటా ఎక్కించి తూచేది నేనే, విమానం దిగే ముందు రన్‌వే మీద మేకల్ని తోలేదీ నేనే. నా పేరు వాసితి. కంపెనీ ఇచ్చిన చొక్కా మీద మేనేజర్ అని కుట్టి ఉంటుంది. అజమాయిషీ చెయ్యడానికి నా కింద ఎవరూ లేరు, మేకలు తప్ప.

కాగితంలో పైన అంతా శుభవార్తే. రన్‌వే పొడుగు చేస్తారట. సువా నుంచి నేరుగా పెద్ద విమానం వస్తుందట, అదీ వారానికి నాలుగుసార్లు. చేపల పెట్టెలు ఎన్నయినా పంపుకోవచ్చు. చదివినవాళ్ళంతా మురిసిపోయారు. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. రావులేవు నుంచి తోవూయా దీవికి వెళ్ళే చిన్న విమానం వచ్చే సోమవారంతో ఆఖరు. ఆ తర్వాత తోవూయా వెళ్ళాలంటే సువా పోయి, ఒక రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు ఇంకో విమానం ఎక్కాలి. మా కొండ మీద నిలబడితే కంటికి కనబడే దీవి అది.

ఆ వరుస చదివి బల్ల మీద కూలబడ్డాను. తలేయి గుర్తొచ్చింది.

తలేయికి ఎనిమిదేళ్ళు. పుట్టుచెవుడు. మా చుట్టుపక్కల దీవులన్నిటికీ కలిపి చెవిటిపిల్లల బడి తోవూయాలోనే ఉంది, చర్చివాళ్ళది. పిల్ల సోమవారం పొద్దున విమానమెక్కి వెళ్తుంది, శుక్రవారం సాయంత్రం దిగుతుంది. మొదట్లో హాస్టల్లో తిండి ముట్టేది కాదు. శుక్రవారం తప్పకుండా ఇంటికి వస్తానని తెలిశాకే కుదురుకుంది. అక్కడ దానికి చేతుల భాష నేర్పారు. అంతకుముందు ఏదైనా కావాలంటే ఎలా చెప్పాలో తెలీక గోడకి తల బాదుకునేది, పాపం. ఇప్పుడు విమానం దిగడమే ఆలస్యం, నన్ను పట్టుకుని చేతులు తిప్పుతూ ఒకటే కబుర్లు. నాకు సగం అర్థం కావు. తల ఊపుతాను.

దాని తల్లి మిరియమా మా దీవికంతటికీ ఉన్న ఒకే ఒక్క నర్సు. తండ్రి చేపల ఓడ మీద ఎక్కడో నడిసముద్రంలో ఉంటాడు. తాత రాతూ నవితలాయి, మా దీవి దొర. రాతూ అంటే మా భాషలో దొర అనే. నాకు మేనత్త కొడుకు, బావ. ఆయన ఎదుట ఎవరూ నిలబడి మాట్లాడరు. కూర్చునే మాట్లాడాలి, అదీ తల వంచుకుని. బావామరదళ్ళకి మాత్రం ఆ కట్టుబాటు లేదు, ఎంత మాటన్నా చెల్లుతుంది. ఈ జన్మకి నాకు దక్కిన భోగం అదొక్కటే.

నా ఒళ్ళు మండే సంగతేమిటంటే, ఈ మార్పుకి మావాళ్ళే చప్పట్లు కొట్టారు. కొన్నాళ్ళ క్రితం కంపెనీ తరఫున బ్రెండన్ అనే మనిషి వచ్చాడు. ఎర్రగా, సన్నగా, ఎప్పుడూ గడియారం చూసుకునే మనిషి. దొర దగ్గరికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని ఎవరో చెప్పినట్టున్నారు, యంగోనా వేర్ల కట్ట ఒకటి రిబ్బను కట్టి మరీ తెచ్చాడు. బావ దాన్ని చేత్తో తాకి పుచ్చుకున్నాడు. వేర్లు దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో తలా ఒక గుక్క తాగారు. అప్పుడు బ్రెండన్ గోడ మీద బొమ్మలు వేసి చూపించి, పెద్ద విమానం వేస్తామనీ, అందుకోసం కొన్ని చిన్న రూట్లు తీసెయ్యాల్సి రావచ్చనీ, మీ మద్దతు ఉందా అనీ అడిగాడు.

అతిథి తెచ్చిన వేరు పుచ్చుకున్నాక వాడి మొహం మీద కాదు అనడం మా దగ్గర లేదు. వాడు ఏం అడిగినా ఆ పూటకి "చాలా సంతోషం" అనే అంటాం. కాదనే మాట ఉంటే అది మర్నాడు, వేరే మనిషి నోటి మీదుగా, మెల్లగా వెళ్తుంది. అడిగినవాడు కూడా ఆ రాత్రి ఊళ్ళోనే పడుకుని ఆ మాట కోసం కాచుకుంటాడు. పసిపిల్లలకి కూడా తెలిసిన పద్ధతి ఇది. బావ "చాలా సంతోషం" అన్నాడు. వెనక ఊరంతా అదే అంది. బ్రెండన్ అందరినీ ఫొటో తీసుకుని మధ్యాహ్నం విమానమే ఎక్కేశాడు. మర్నాడు మావాళ్ళు కాదనే మాట పట్టుకుని వచ్చేసరికి వినడానికి మనిషి లేడు. సువా ఆఫీసుకి ఫోను చేస్తే సెలవు మీద ఊరెళ్ళాడన్నారు.

కాగితం అంటించిన గంటలోనే మిరియమా పరిగెత్తుకొచ్చింది, నర్సు బట్టల్లోనే.

"పిన్నీ, ఇదేంటి? శుక్రవారం తోవూయా విమానం ఏది?"

"కనిపిస్తోంది కదే. లేదు."

"మరి నా పిల్ల? సువాలో రాత్రిపూట ఒక్కతీ ఎక్కడ పడుకుంటుంది? ఎవరైనా పిలిస్తే దానికి వినపడుతుందా?"

"ఓడ ఉందిగా."

"నెలకోసారి వచ్చే ఓడ, అదీ ఇంజను బాగుంటే. నువ్వెక్కుతావా ఆ డొక్కు ఓడ?"

నేను ఎక్కను. ఆ మాట పైకి అనలేదు.

"బడికి ఫోను చేస్తే, సెలవులకి డిసెంబరులో వస్తుందని టీచరమ్మ అంటోంది. డిసెంబరంటే దానికి ఏం తెలుసు పిన్నీ? దానికి తెలిసిందల్లా శుక్రవారం. పోనీ నేను వెళ్ళి అక్కడ ఉందామంటే ఇక్కడ పురుళ్ళెవరు పోస్తారు? బడి మానిపించేస్తాను. ఏదో ఒకటి, నా కళ్ళ ముందుంటుంది."

"మానిపించి మళ్ళీ గోడకి తల బాదుకోమంటావా?"

అనకూడని మాట అనేశాను. మిరియమా కాటా మీద కూర్చుని ఏడ్చింది. నేను టీ కాచి ఇచ్చాను.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం బావా, తీరిగ్గా ఉన్నావే! రిబ్బను కట్టిన వేర్లు గొంతులో బాగా దిగాయా?"

"నోరు మూసుకో మరదలా. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే వాణ్ణి ఆ రాత్రికి ఉంచలేకపోయావా?"

"ఉండమన్నాను. చేపల పులుసు పెడతామన్నాను. విమానం ఉందన్నాడు."

"ఆ విమానం నా చేతిలోదేగా! నావైపు ఒక్కసారి కన్ను గీటి ఉంటే ఇంజను చెడిందని చెప్పి ఆపేసేదాన్ని."

బావ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. వల పక్కన పడేశాడు. "ఫోను కలుపు. ఈసారి ఇంకొకరితో కాదు, నేనే చెప్తాను. మొహం మీదే చెప్తాను."

బ్రెండన్ దొరికాడు. మాటలు నాకూ వినపడేలా పెట్టాను. బావ నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ సర్దుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే నిటారుగా కూర్చున్నాడు.

"రాతూ! ఎలా ఉన్నారు? మీ ఊరివాళ్ళ మర్యాద జన్మలో మరిచిపోను."

"సంతోషం," అన్నాడు బావ. గొంతు సవరించుకున్నాడు. "చిన్నపిల్ల ఒకటుంది. నా మనవరాలు. తోవూయాలో చదువుకుంటోంది..."

"పిల్లలకి పెద్ద విమానంలో సగం టికెట్టే రాతూ! మీ ఫొటో మా పైవాళ్ళకి చూపించాను. ఊరు మొత్తం ఒప్పుకుందంటే వాళ్ళు నమ్మలేకపోయారు. ఇదంతా మీ మంచితనం. మీకెలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలీడం లేదు."

బావ నోరు తెరిచాడు. నేను డొక్కలో పొడిచాను. కాదని చెప్పు, కాదని చెప్పు అని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను.

"చాలా సంతోషం," అన్నాడు బావ.

ఫోను పెట్టేశాక నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏం మనిషివయ్యా నువ్వు! నోట్లో నాలుకే లేదా?"

"వాడు కృతజ్ఞత చెప్తుంటే మధ్యలో ఎలా అంటానే?" అన్నాడు. ఆ మొహం చూస్తే ఇంక తిట్టబుద్ధి కాలేదు. పుట్టినప్పటినుంచీ ఆయనకి నేర్పిందే అది. దొర అన్నవాడు ఎవరినీ మొహం మీద కాదనకూడదని.

శుక్రవారం తలేయి దిగింది. ఎప్పటిలాగే చేతులతో కబుర్లు. ఇదే ఆఖరి శుక్రవారమని దానికి ఎవరూ చెప్పలేదు. మిరియమా చెప్తానంది, చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేదు. మిరియమా మాత్రం బడి మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్ల ఆ రెండు రోజులూ కనబడిన ప్రతి వస్తువుకీ చేతుల్లో పేరు చెప్తూ తిరిగింది. చూస్తూ చూస్తూ ఎవరు మానిపించగలరు?

ఆదివారం చర్చి అయ్యాక మిరియమా ఇంట్లో భోజనాలు. కర్రపెండలం, కొబ్బరిపాలలో ఉడికిన చేప. తింటుండగా బావ వచ్చాడు. కూతురింటికి ఎప్పుడొచ్చినా నేరుగా లోపలి కొసన, పెద్దల చాప మీద కూర్చునే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట చతికిలబడ్డాడు. చేతిలో తిమింగలం పన్ను ఉంది.

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. మాటతో తీరని తప్పుకి మా దగ్గర ఆ పన్ను పట్టుకెళ్తారు. ఎదుటివాళ్ళు పుచ్చుకుంటే మన్నించినట్టు. తిరిగి చేతిలో పెడితే మన్నించలేదన్నట్టు. దొరలకి జనం పన్ను తేవడం చూశాను గానీ, ఒక దొర ఇంటి పిల్లకి తేవడం నేనెన్నడూ చూడలేదు.

"నాన్నా, అక్కడేంటి? లోపలికి రా," అంది మిరియమా కంగారుగా.

"నీ కోసం రాలేదమ్మా. పిల్లని పంపు."

తలేయి వచ్చి ఎదురుగా కూర్చుంది. బావ తల వంచుకుని, చెప్పాల్సిన పద్ధతిలో మొత్తం చెప్పాడు. నీకు అన్యాయం చేశాను, నీ దారి మూసేశాను, నన్ను మన్నించు అని. పిల్ల ఆయన పెదాలనే చూస్తోంది. ఒక్క ముక్క కూడా వినపడదని ఆయనకి తెలుసు. అయినా ఆపలేదు. చివరికి పన్ను దాని చేతుల్లో పెట్టాడు.

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది. తన ముందుపన్నుతో కొలిచి చూసుకుని కిలకిలా నవ్వింది. ఇతరుల వస్తువు చూసి ఇచ్చెయ్యాలని హాస్టల్లో నేర్పారు. రెండు చేతులతో, బుద్ధిగా, తిరిగి తాత ఒళ్ళో పెట్టింది.

"నాన్నా, దానికేం తెలీదు, పసిది..." అంది మిరియమా.

బావ చెయ్యెత్తి ఆపాడు. పిల్ల అప్పటికే తల్లి వైపు తిరిగి ఏదో చెప్తోంది.

"ఏమంటోంది?"

మిరియమా పిల్లని దగ్గరికి లాక్కుంది. ఆ మాట నాకు అర్థమైంది. "రేపు వెళ్ళి శుక్రవారం వస్తుందట. సీమపనస కాల్చి ఉంచమంటోంది," అన్నాను.

బావ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. "పుచ్చుకోకపోవడమే మంచిదైంది మరదలా," అన్నాడు. "ఇది ఇచ్చేసి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోదామనుకున్నాను."

సోమవారం పొద్దున మిరియమా పిల్లని తీసుకొచ్చింది. వాళ్ళ వెనకే బావ, చంకలో చుట్టిన చాప, చేతిలో సంచి.

"నాకూ టికెట్టు ఇవ్వు. పోవడానికే. రావడానికి వద్దు."

"నీకు మతి పోయిందా? కొత్త రన్‌వే పని మొదలుపెట్టడానికి మంత్రిగారు వస్తున్నారు, నువ్వు ముందుండాలి!"

"తమ్ముడున్నాడు. సంతోషం అనడం వాడికీ వచ్చు."

"ఎక్కడుంటావ్?"

"చర్చి వెనక ఒక గది ఇస్తామన్నారు. సాయంత్రం బడి అవగానే పిల్ల నా దగ్గరికి వస్తుంది. డిసెంబరు దాకా అంతే. ఆ తర్వాత సంగతి చూద్దాం."

"అక్కడ నిన్ను దొరంటారా ఎవరైనా?"

"వాళ్ళ దొర వాళ్ళకున్నాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను."

ఎంత మాటన్నా అనే నాకు కూడా ఇన్నేళ్ళలో ఆయన్ని కాటా ఎక్కమనే ధైర్యం లేకపోయింది. అందాజుగా రాసుకునేదాన్ని. ఆ రోజు ఆయనే చెప్పులు విడిచి ఎక్కాడు. నేననుకున్న దాంట్లో సగం మనిషి.

తలేయి తాత సంచి చూసింది, చాప చూసింది. చేతులు గబగబా కదిపింది.

"నువ్వు కూడా వస్తున్నావా అంటోంది," అంది మిరియమా. "శుక్రవారం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చేస్తారా అని అడుగుతోంది."

పైలట్ ఇంజను తిప్పాడు. మిరియమా పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. నేనూ కాళ్ళ వైపే చూస్తున్నాను.

"అమ్మా," అన్నాడు బావ కూతురితో. "చేతుల్లో లేదు అని ఎలా చెప్తారు?"

మిరియమా చూపించింది. ఆయన ముసలి చెయ్యి ఒకసారి తప్పింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. బావ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల కళ్ళలోకి సూటిగా చూస్తూ, లేదు అని చెప్పాడు. పిల్ల అర్థం కానట్టు చూస్తే మళ్ళీ చెప్పాడు.

పిల్ల ఆ చేతిని ఫెడేలుమని కొట్టింది. మళ్ళీ కొట్టింది. బావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఏడుస్తున్న పిల్లని అలాగే ఎత్తుకుని విమానం మెట్లెక్కాడు. నేను తలుపు వేశాను.