ఆరో పేజీ చుక్కలు

మచ్చ కనబడితే నా చేయి ఆగదు. చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరించినదాన్ని. మచ్చ ఉన్న భాగం తీసి పారేయాలి, మంచి ఆకు అమ్మకు అందించాలి. ఇప్పుడు నిజామాబాద్ బస్టాండు దగ్గర నాకో చిన్న దుకాణం ఉంది, నిరోష స్టూడియో. పాత ఫొటోలు స్కాన్ చేసి, కంప్యూటర్ మీద మరకలు తుడిచి, కొత్తగా ప్రింటు తీసిస్తాను. చెదలు తినేసిన ముఖాలను కూడా పూరించి ఇచ్చాను. నా పనంటే నాకు గర్వం ఎక్కువే. ఆ గర్వమే నన్ను ముంచింది.

మార్చిలో బోధన్ నుంచి రాజారాం తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆఫీసర్ల క్లబ్బులో పియానో తుడిచే పని ఆయనది. ఆయన ఆశ చూసి ఓ ఆఫీసరు భార్య వాయించడం నేర్పిందట. క్లబ్బు మూతపడ్డాక ఆ పియానోనే కొని ఇంట్లో పెట్టుకున్నాడు.

సంచిలోంచి రెండు పుస్తకాలు తీశాడు. రెండింట్లోనూ ఉన్నది పియానో మీద వాయించే ఒకే పొడవైన సంగీత రచన, సొనాటా అంటారట. పుస్తకాలు రెండూ వందేళ్లు పైబడినవే. ఒకటి లండన్ ప్రింటు. ఆయన నేర్చుకున్నది దాన్ని చూసే. రెండోది అంతకన్నా ముందు పారిస్‌లో అచ్చయింది. పోయినేడు బోధన్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది.

"రెండు పక్కపక్కన పెట్టి సూడాలె బిడ్డా. ఏది ఎక్కడ మారిందో తెల్వాలె. నా కండ్లు ఆపరేషన్ అయినయి, గీ మరకల్ల నాకేం కనబడ్తలేదు. జర సాఫ్ చేసియ్యి," అన్నాడు.

చేశాను. పారిస్ పుస్తకంలో ఆరో పేజీ మరీ ఘోరంగా ఉండింది, నిండా గోధుమరంగు చుక్కలు. ఓ పూటంతా కూర్చుని ఒక్కొక్కటీ తుడిచాను. పేజీ తెల్లగా మెరిసింది. ఆయన మురిసిపోయాడు, నేను ఆయన కన్నా ఎక్కువ మురిసిపోయాను.

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు, వయసు పదేళ్లు తగ్గినట్టు. హైదరాబాద్‌లో సంగీతం నేర్పే ఓ సంస్థ వాళ్లు, ఆయన పంపిన ఆరో పేజీలు చూసి, ఆదివారం వచ్చి మాట్లాడమని పిలిచారు. అక్కడ పంచడానికి ఓ కాగితం కావాలి. రెండు పుస్తకాల ఆరో పేజీలూ అందులో పక్కపక్కన ఉండాలి.

"గిది సూడు," అని లండన్ పేజీ మీద వేలు పెట్టాడు. "నోటు మీద సుక్క ఉంటె స్వరాలు తెంపి తెంపి కొట్టాలె. నిలువు గీతల నడిమి గీ పదారు బార్లు క్లబ్బుల అమ్మగారు గట్లనే నేర్పింది. నాకేమో కలిపి వాయించబుద్ధయ్యేది. కలిపితే కట్టెతోని వేళ్ల మీద కొట్టేది. ఇగ గిది సూడు. ముందుగాల అచ్చయినదాంట్ల ఒక్క సుక్క లేదు. రాసినాయన కలిపే వాయించమన్నడు. లండన్ల అచ్చేసినోళ్లే సుక్కలు పెట్టిండ్రు. యాభై ఏండ్లకు నా మాట నిజమైంది బిడ్డా."

రెండు పేజీలూ చూశాను. లండన్ పేజీలో ఎక్కడెక్కడ చుక్కలున్నాయో, పారిస్ పేజీలో సరిగ్గా అక్కడే నా చేయి తిరిగింది. మరకలు ఇంత వరసగా పడతాయా అని ఆ రోజు ఓ క్షణం అనుమానం కూడా వచ్చింది. వచ్చినా తుడిచాను.

ఆ సంగతి చెప్పకుండానే అరవై కాపీలు తీసి, కవర్లో పెట్టి చేతికిచ్చాను. పైగా నవ్వాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. సాఫ్ చెయ్యమన్నది ఆయనే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాటతో ఒక్క ముద్ద కూడా దిగలేదు. చివరికి అమ్మకు చెప్పాను. ఆమె బీడీ చుడుతూ తలెత్తకుండానే, "ఆకు నువ్వు పాడుజేసి పేరు ఆయనది పోగొడ్తవా? పోయి చెప్పు," అంది.

శనివారం పొద్దున, తుడవక ముందు స్కాన్ చేసి దాచిన పేజీని పెద్దదిగా ప్రింటు తీసుకుని బోధన్ బస్సెక్కాను.

తలుపు తీసే ఉంది. ఆయన ఆ పదహారు బార్లే వాయిస్తున్నాడు, కలిపి. నాకు సంగీతం తెలియదు. అయినా గడపలోనే నిలబడిపోయాను. పియానోకు కొన్ని మీటలు పలకడం లేదు. ఆ చోట్ల ఆయన నోటితో పాడుతున్నాడు.

"తాతా, పారిస్ పుస్తకంల గూడ గా సుక్కలు ఉన్నయి. మరకలనుకొని నేనే తుడిచిన," అని కాగితం ముందు పెట్టాను.

భూతద్దం పెట్టి చూశాడు. ఆ ప్రింటులో నల్ల చుక్కలు, గోధుమ మరకలు వేరువేరుగా తెలుస్తున్నాయి. ఒక్కో చుక్క మీదా వేలు ఆనించుకుంటూ చివరిదాకా పోయాడు. తర్వాత ఆ వేళ్లను రెండో చేత్తో నిమురుకున్నాడు.

"అమ్మగారు సరిగ్గనే కొట్టింది," అన్నాడు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, హైదరాబాద్ వాళ్లకు చేశాడు.

"రేపు నేను వస్తలేను సార్. నేను చెప్పింది తప్పు. ముందుగాల అచ్చయినదాంట్ల గూడ సుక్కలున్నయి."

"మీరు పంపిన పేజీలో లేవు కదండీ. ఎవరైనా స్టూడియో వాళ్లు పాడుచేశారా?"

ఆయన నా వైపు చూడలేదు. "లేదు సార్. నేనే మరకలనుకొని తుడిచిన. క్లబ్బుల తుడిచే పని చేసినోన్ని గదా, అలవాటు."

అవతల ఎవరో నవ్వారు.

ఫోన్ మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది. తుడిచింది నేనని ఒక్క మాట అంటే చాలు. దుకాణం పేరు పోతుందని భయం వేసింది. నోరు మూసుకుని కూర్చున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్ పెట్టేసి, "గింత దూరం వచ్చినవ్, చాయ్ తాగి పో బిడ్డా," అన్నాడు.

తాగాను. నేను తాగుతుండగా ఆయన పియానో ముందు కూర్చుని ఆ పదహారు బార్లూ మళ్లీ వాయించాడు, అమ్మగారు నేర్పినట్టే, తెంపి తెంపి. పలకని మీటల దగ్గర ఈసారి పాడలేదు.