మూడు కంపైలర్లు, ఒక కారణం

కంపైలర్ ఎంచుకోవడానికి మా సారు నాకు వారం ఇచ్చాడు. ఇది మూడో వారం. ఏ పనైనా శుక్రవారానికి కావాలంటాడని ఆయన్ని అందరం శుక్రవారం సారు అంటాం. ఏ శుక్రవారమో చెప్పడు కాబట్టి ఇన్నాళ్లూ బతికిపోయాను.

మాది ఆసుపత్రుల్లో సెలైన్ ఎక్కించే పంపులకు ఆపరేటింగ్ సిస్టమ్ రాసే చిన్న కంపెనీ. మేం సి భాషలో రాసిన కోడును చిప్పుకు అర్థమయ్యేలా మార్చిపెట్టేది కంపైలర్. పద్నాలుగేళ్లుగా ఒకే కంపైలర్‌తో నెట్టుకొచ్చాం. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. అది నడిచే పాత కంప్యూటరేమో రోజుకు రెండుసార్లు ఆగిపోతోంది. ఇక కంపైలర్, దాని వెంట వాడే లింకర్, డీబగ్గర్ లాంటి పనిముట్లు అన్నీ మార్చక తప్పదు. ఇల్లు మారడం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఒక్క గిన్నె తగ్గినా పంపు ఆగుతుంది.

నా బల్ల మీద పంపులకు కొత్తగా తెచ్చిన చిప్పు బిగించిన మూడు బోర్డులు, వాటికి మూడు కంపైలర్లు. ఒకటి కొనాల్సింది, ఒకటి ఉచితం, మూడోది చిప్పు అమ్మినవాళ్లు ఇచ్చింది. మా కోడు కొత్త చిప్పులో పట్టాలంటే ఆప్టిమైజేషన్ పెట్టి తీరాలి, అంటే కంపైలర్ కోడును కుదించి వేగంగా నడిపించే ఏర్పాటు. మా దగ్గర అది నిషిద్ధం. తొమ్మిదేళ్ల కిందట ఒకసారి పెడితే పంపు బిగుసుకుపోయింది. తప్పు కంపైలర్‌దేనని తేల్చి, ఇకమీదట ఎవరూ పెట్టకూడదని నియమం చేసింది నేనే.

ఇప్పుడు మూడింటిలోనూ పెట్టాను. మూడూ నా కోడులో ఒకే లైను దగ్గర ఆగాయి. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే మాట చెబితే, నన్ను కాక ఇంకెవరిని అనుమానించను?

నడుం పట్టేసింది, కళ్లు మండుతున్నాయి, అయినా ఆ లైను దగ్గరే కూర్చున్నాను. టైమర్ కొట్టినప్పుడల్లా మారే అంకె ఒకటుంది. పంపు దాన్ని మాటిమాటికీ చూసుకుంటూ ఎదురుచూడాలి. అది మారుతూ ఉంటుందని మనం చెప్పకపోతే, ఆప్టిమైజేషన్ పెట్టిన కంపైలర్ ఒక్కసారి చూసి ఊరుకుంటుంది. అలా చెప్పడానికి వోలటైల్ అనే ఒక్క మాట చాలు. నేను రాయలేదు. ఇప్పుడు రాసి చూస్తే మూడూ చక్కగా నడిచాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో మాత్రం కాదు.

ఆనాడే ఈ సంగతి చెప్పిన మనిషి ఉంది. మా ఆడపడుచు. టెస్టింగ్‌లో ఉద్యోగం ఇప్పించింది నేనే. మీటింగులో ఎనిమిది మంది ముందు, తప్పు మన కోడులోనే ఉంది, ఆడలేక మద్దెల ఓడంటే ఎలా వదినా అంది. అసలే నాకు ముక్కు మీద కోపం. తను చూపించిన కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. నెల తిరక్కుండా తనని మాన్యువళ్లు రాసే గదికి మార్చారు. మార్చమంటారా అని సారు అడిగితే, మంచిదే అన్నాను. తను మా పై వాటాలోనే ఉంటుంది. ఆదివారాలు మాతోనే భోంచేస్తుంది, పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఒక్క మాట చేర్చేసి తేలు కుట్టిన దొంగలా ఊరుకోవచ్చు. కానీ మా దగ్గరో పద్ధతి ఉంది. కోడులో చుక్క మార్చినా ఎందుకు మార్చామో రాయాలి. ఆ కారణాన్ని మాన్యువల్ గదిలో చదివి పుస్తకంలోకి ఎక్కించాలి. ఆ గదిలో ఉండేది తనొక్కతే.

కొత్త కంపైలర్‌కు అనుగుణంగా మార్పు అని రాశాను. అబద్ధం అనడానికీ లేదు. శుక్రవారం సారు చూసి, ఉచితంగా వచ్చేదే తీసుకుందాం అన్నాడు. వచ్చే నెల నుంచి విభాగం నా చేతిలో పెడతానన్నాడు. పాత కంపైలర్ దోషం వల్ల ఎన్ని తిప్పలు పడ్డామో రిపోర్టులో గట్టిగా రాయమన్నాడు.

పాత నియమం మాటలు ఎత్తిరాద్దామని మాన్యువల్ తెరిచాను. కంపైలర్‌లో దోషం ఉన్నందున ఆప్టిమైజేషన్ వాడరాదు, అని ఉంది. కింద రాసినవారి పొట్టి సంతకం మా ఆడపడుచుది. ఆ గదికి వెళ్లిన మొదటి రోజు తన చేత రాయించిన మొదటి వాక్యం అది. నేను ఇన్నాళ్లూ కింద సంతకం చూడనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కారణం చెరిపి మళ్లీ రాశాను. తప్పు నేను రాసిన లైనులో ఉంది, కంపైలర్‌లో లేదు, ఆ సంగతి మా టెస్టర్ అప్పుడే చెబితే నేను వినలేదు అని. సారుకూ తనకూ పంపేశాను. విభాగం మీద ఆశకు దాంతో నీళ్లొదులుకున్నట్టే. ఆ క్షణాన దానికి బాధపడే ఓపిక కూడా లేదు.

మాన్యువల్ గదికి నేను చేరేసరికి తను అదే చదువుతోంది. రెండోసారి కూడా చదివింది.

"నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

"తెలుసు వదినా," అంది, మామూలుగా.

మాన్యువల్ తెరిచి ఆ పాత వాక్యం తీసేసింది. నా కారణం ఎక్కించింది. ఒక గడి దగ్గర ఆగింది.

"తప్పు బయటపడ్డ తేదీ అడుగుతోంది. ఏం వేయమంటావు, ఈ రోజుదా?"

"నువ్వు చెప్పిన రోజుదే వెయ్యి."

పాత మీటింగుల ఫైళ్లు అలమరాలో ఉంటాయి, వెతికి పెడతానని లేచాను. అవసరం లేదంది. రోజు, నెల, సంవత్సరం, ఎక్కడా ఆగకుండా కొట్టేసింది.