నూకరత్నం నాడి చూసిన నేను

నేను ఒక పల్స్ ఆక్సీమీటర్‌ని. పేరు నోరు తిరగక చాలామంది నన్ను ‘వేలికి పెట్టేది’ అంటారు. నాకేం కోపం లేదు. నా నోట్లో వేలు పెడితే ఎర్రటి వెలుగు పంపి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతాను. కరోనా రోజుల్లో నన్ను కొన్న బ్యాంకు ఉద్యోగి గంటకోసారి వేలు పెట్టి మురిసిపోయేవాడు. భయం తీరాక మేకుల డబ్బాలో పడేశాడు. మనుషుల ప్రేమ జ్వరంతో వచ్చి జ్వరంతోనే పోతుంది.

ఆ ఇంటికి చేపలు తెచ్చే ఎల్లాజీ భార్యకు గుండెపోటు వచ్చిందని తెలిసి, ఆ ఉద్యోగి నన్ను అతనికి ఇచ్చేశాడు. అలా విశాఖ చేపలరేవు దగ్గర వీధికి చేరాను.

ఎల్లాజీ భార్య నూకరత్నం రేవులో చేపల గుట్టల ముందు నిలబడి, ధరలు కేకేస్తూ వేలం పాడి అమ్ముతుంది. ఊపిరి కూడా తీసుకోకుండా పాడేదట. గుండెపోటులో మూసుకుపోయిన నాళాల్లో ఒకటి తెరిచారు గానీ రెండోది తెరవడం కుదరలేదు.

“గుండె తన తిండి ఎక్కువగా తినేది రెండు దెబ్బల మధ్య విరామంలోనేనమ్మా,” అన్నారు డాక్టరమ్మ. “నెమ్మదిగా కొట్టుకుంటే ఆ విరామం పెరుగుతుంది. మూసుకున్న చోటు చుట్టూ సన్నటి కొత్త నాళాలు మొలిచే అవకాశం ఉంటుంది. మాత్రలు వేసుకోండి, నడవండి. మూడు నెలలయ్యాక చూద్దాం. అప్పటిదాకా పాట వద్దు.”

నాళాలు మొలవకపోతే పాట ఎప్పటికీ వద్దే. తిండి మానమన్నా ఆమె అంత దిగులుపడేది కాదు. వంటింట్లో ఎండుచేపల ముందు నిలబడి దొంగచాటుగా వేలం పాడేది. నేను నూరు దాటి చూపిస్తే నన్నే తిట్టేది.

ఇంతలో ఆషాఢం వచ్చింది. వీధి ఆడవాళ్లు ఆమె పది వేళ్లకూ దట్టంగా గోరింటాకు టోపీలు పెట్టారు. పొద్దున కడిగేసరికి ఎరుపు ముదిరి దాదాపు నలుపైంది. ఎల్లాజీ నన్ను తగిలించాడు. నా వెలుగు ఆ రంగును దాటలేకపోయింది. అంకెలకు బదులు రెండు గీతలు చూపించాను.

“ఓలమ్మో! గుండి ఆగిపోనాది!” అని ఎల్లాజీ గావుకేక పెట్టాడు. వీధంతా పరుగున వచ్చింది.

“నాను సచ్చిపోతే నీతో తగువాడతన్నది ఎవులు?” అంది నూకరత్నం.

అతను వినలేదు. మరో వేలు, ఇంకో వేలు, చివరికి కాలివేలు. అక్కడా గోరింటాకే! సిగ్గుతో నాకు చచ్చినంత పనైంది. పక్కింటావిడ చెవి తమ్మెకు పెట్టి చూడమంది. అక్కడ అరవై నాలుగు దొరికింది. ఎల్లాజీ నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతమంది నవ్వుతున్నా నూకరత్నం మాత్రం నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆమె దారికొచ్చింది. ఎండుచేపలకు ఒక ధర చెప్పి, నోరు మూసుకుని, నింపాదిగా ఊపిరి తీసుకుని, అప్పుడు మరో ధర చెప్పేది. గోరింటాకు వెలిసేదాకా నన్ను చెవికీ, ఆ తర్వాత వేలికీ పెట్టుకునేది; నా అంకె కూడా మర్యాదగా కిందే ఉండేది.

మూడు నెలల తర్వాత పరీక్షలో, మూసుకున్న చోటును చుట్టుకుని సన్నటి గీతల్లా కొత్త నాళాలు కనిపించాయి. అందరికీ ఇలా రావనీ, మాత్రలు మానొద్దనీ, నెమ్మదిగా అయితే పాడుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పారు.

“ఇయన్నీ నాను నోరు మూసుకున్నప్పుడు మొలిసినాయా? మరి నోరు మూసుకోమని ఇన్నేళ్లూ ఎవులూ సెప్పనేదేటి?”

“నాను సెప్తానే ఉన్నాను,” అన్నాడు ఎల్లాజీ.

మర్నాడు రేవులో వంజరం చేపల గుట్ట ముందు నిలబడి నూకరత్నం ఒక ధర చెప్పి ఆగింది. వ్యాపారి గవరయ్య కాస్త పెంచాడు. ఆమె సముద్రం వైపు చూస్తూ ఊపిరి తీసుకుంది.

“మాటాడవేటప్పా? నా పేనం మీదకొస్తంది!” అంటూ అతను మళ్లీ పెంచాడు. పోటీకి ఎవరూ లేకుండానే తన పాటను తానే దాటేశాడు! ఆమె నన్ను తన వేలినుంచి తీసి అతని వేలికి తగిలించింది. నూట పద్దెనిమిది! రేవంతా పగలబడి నవ్వింది.

ఇప్పుడు నేను ఆమె కొంగుముడిలో ఉంటున్నాను. పాట మధ్య ఆమె ఆగినప్పుడల్లా లోపల ఆ సన్నటి నాళాలు కడుపు నింపుకుంటున్నాయని నాకు తెలుసు. కొనేవాళ్లు మాత్రం ధర పెంచడానికే ఆగుతోందనుకుని గబగబా పెంచేస్తున్నారు.