సగం మాత్ర

మా అత్తగారు జ్వరం మాత్రను రెండుగా విరిచి ఒక సగం నా చేతిలో పెట్టింది. "వేసుకుని కూర తరుగు. పడుకుంటే నొప్పి ఇంకా ఎక్కువవుద్ది," అంది. మా ఇంట్లో మగాళ్లు తుమ్మితే డాక్టరు దగ్గరికి పరుగులు. ఆడవాళ్లకి ఏ నొప్పైనా సగం మాత్రే, అదీ పని ఆగకుండా. నాకు కొన్నాళ్లుగా కుడి డొక్కలో పొడుస్తోంది. మాత్ర మింగబుద్ధి కాక జేబులో వేసుకున్నాను.

రెండో సగాన్ని ఆవిడ పాలలో నలిపి దొరసానికి పెట్టింది. దొరసాని మా పిల్లి. పొద్దున గోడ మీంచి పడి కుంటుతోంది. "అయ్యో నా తల్లీ, తాగవే," అని బుజ్జగించి మరీ తాగించింది.

మధ్యాహ్నానికి పిల్లి జాడ లేదు. వెతగ్గా వెతగ్గా వంటింటి తలుపు వెనక కనబడింది. గోడవైపు తిరిగి, ముందుకాలు చెంప కింద పెట్టుకుని పడుకుంది. మా తోటికోడలు, ఈ పిల్లిని తెచ్చి పేరు పెట్టిన అక్క, నిరుడు సరిగ్గా అక్కడే అలాగే పడుకుంది. "కాసేపు నడుం వాలుస్తానే," అంది. అక్కకీ ఆ రోజు సగం మాత్రే. "భోజనాలయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్దాంలే," అన్నారు బావగారు. భోజనాలయ్యాయి. అక్క లేవలేదు.

పిల్లిని ఎత్తుకున్నాను. మొహం వాచిపోయింది, చిగుళ్లు బురదరంగుకి తిరిగాయి. ఎగశ్వాస తీస్తూ నన్ను కాదు, నా భుజం వెనక ఎవరినో చూస్తోంది. తిరిగి చూస్తే ఖాళీ గోడ. గుమ్మంలో అత్తగారు కొయ్యబారిపోయింది. "అచ్చం పెద్దదాన్లా పడుకుందేంటే! తియ్యవే దాన్ని అక్కణ్ణించి!"

మా ఆయనకి ఫోన్ చేశాను. "పిల్లికి ఆసుపత్రేంటి నీ మొహం! సాయంత్రం చుట్టాలొస్తున్నారు. వంటయ్యాక చూద్దాంలే," అన్నాడు. వాళ్లన్నగారి గొంతే అది, పొల్లుపోకుండా. పిల్లిని సంచిలో పెట్టుకుని గుమ్మం దిగుతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుంది. "మాత్ర సంగతి చెప్పకే, పరువు పోద్ది." విదిలించుకున్నాను. దారి పొడుగునా సంచిలోంచి మూలుగు. అది పిల్లి మూలుగంటే నేను నమ్మను.

"ఏం తినిపించారు?" అంది పశువుల డాక్టరమ్మ. జేబులోంచి సగం మాత్ర తీసి బల్ల మీద పెట్టాను. "దీని రెండో సగం."

"మనుషుల జ్వరం మాత్ర పిల్లికి విషమమ్మా! చెప్పి మంచిపని చేశారు." గబగబా విరుగుడు సూదిమందు ఎక్కించింది. "ఈ రాత్రి గడిస్తే బతికినట్టే. ఇక్కడే ఉంచండి." అని, మాత్ర వంక చూసింది. "మరి ఈ సగం ఎవరిది?"

"నాది." డొక్క చూపించాను.

"ఎన్నాళ్ల నించి?"

ఇంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఫోన్ మోగుతోంది, వంట గురించే అయ్యుంటుంది. కట్టేశాను.

"మనుషుల ఆసుపత్రికి ఎటు వెళ్లాలండీ?"

దొరసాని తల కొంచెం ఎత్తి మళ్లీ నా భుజం వెనక్కి చూసింది. ఈసారి నేను తిరగలేదు, భయమూ వెయ్యలేదు.

"పద అక్కా," అన్నాను. "ఇద్దరి నొప్పీ చెప్పేద్దాం."